శుక్రవారం మంచు

సీసాల సంచీ భుజాన వేసుకుని బస్సెక్కే ఆడదాన్ని ఒక ప్రశ్న అడక్కుండా ఎవరూ వదలరు. శ్రీకాకుళం కాంప్లెక్సులో కండక్టరు అడిగేవాడు. పక్క సీట్లో చేపల బుట్టావిడ అడిగేది. విజయనగరంలో కిరాణా కొట్టు నడిపే మా నాన్న ఫోన్ చేసినప్పుడల్లా అడిగేవాడు. "ఇంతకీ ఈ సీసాల వల్ల ఏటి ఉపయోగమమ్మా?" అని. నాకు ఒళ్ళు మండేది. వాతావరణం, భవిష్యత్తు, దేశం అని పెద్ద పెద్ద మాటలు చెప్పేదాన్ని. విన్నవాళ్ళు ఓహో అనేవారు. మళ్ళీ వారం అదే ప్రశ్న అడిగేవారు.

అప్పట్లో నేను యూనివర్సిటీలో పరిశోధన చేస్తున్నాను. పెళ్ళై ఏడాది కాలేదు. అరసవల్లిలో, గుడికి వెళ్ళే దారిలో ఒక లాడ్జి వెనక రెండు గదులు అద్దెకి తీసుకుని ఉండేవాళ్ళం. నా పని చెప్పుకోవడానికి చాలా చిన్నది. ఒకే వాన ఊరూరికీ ఎంత తేడాగా పడుతుందో కొలవడం. సముద్రం ఒడ్డున భావనపాడు నుంచి లోపలికి శ్రీముఖలింగం అవతల వరకూ ఐదు చోట్ల, ఐదు ఇళ్ళ పెరళ్ళలో, ఒక గరాటూ దాని కింద ఒక సీసా పెట్టాను. గరాట్లో పడ్డ వాన సీసాలోకి దిగుతుంది. ఆ నీళ్ళని గీతలున్న గాజు గొట్టంలో పోసి ఎంతో రాసుకోవాలి. అంతే. పదేళ్ళ పిల్లకి అప్పజెప్పినా చేస్తుంది, నాకు మాత్రం డాక్టరేటు ఇస్తారట అని మా ఆయన ఏడిపించేవాడు.

నాలుగు చోట్ల చదువుకున్నవాళ్ళు దొరికారు. వాళ్ళే రోజూ కొలిచి పుస్తకంలో రాసేవారు. ఐదోది శ్రీముఖలింగం దాటాక వంశధార ఒడ్డున ఒక ఊరు. ఏరు అక్కడ బాగా ఒంపు తిరుగుతుంది. ఆ ఒంపుకి దగ్గరగా ఉన్న రైతు ఇల్లు నాకు కావాలి. ఇంటాయనకి తెల్లారకుండా పొలం. ఇంటావిడకి అంకెలు రావు. మొదటి రోజే నన్ను కూర్చోబెట్టి, మా అత్తవారి ఊరు కనుక్కుని, "అయితే నాను నీకు అత్త వరసే" అని తేల్చేసింది. ఏ వరసో నాకు ఇప్పటికీ తెలీదు. ఆ రోజు నుంచి ఆవిడ నాకు అత్త, ఆయన మావ, నేను కోడలు పిల్లని.

అంకెలు రాకపోతేనేం, రంగులు వచ్చు కదా అని ఒక ఉపాయం చేశాను. వారానికి ఏడు సీసాలు ఇచ్చేదాన్ని. సోమవారం సీసాకి తెల్ల దారం, మంగళవారానికి ఎర్ర దారం, అలా శుక్రవారానికి పసుప్పచ్చ దారం. ఎనిమిదిన్నరకి ఊళ్ళోకి బస్సొచ్చి హారన్ కొట్టగానే అత్త పెరట్లోకి వెళ్ళి గరాటు కింద సీసా తీసి, మూత బిగించి, మర్నాటి దారం ఉన్న సీసా పెట్టాలి. శనివారం నేను వెళ్ళి ఏడూ తెచ్చుకుని, కడిగి ఆరబెట్టిన ఇంకో ఏడు ఇచ్చి వస్తాను. ఒక్క రోజు తప్పలేదు మహాతల్లి. చదువుకున్నవాళ్ళు పండగలకీ పెళ్ళిళ్ళకీ ఎగ్గొట్టారు గానీ, అత్త సీసాలు మాత్రం ఏడూ వరసగా అరుగు మీద నిలబడి ఉండేవి.

వానలు వెనక్కి పోయి చలి మొదలయ్యాక కథ మొదలైంది. భావనపాడు నుంచి వచ్చే పుస్తకంలో అన్నీ సున్నాలే. మిగతా మూడు చోట్లా సున్నాలే. అత్త సీసాల్లో మాత్రం అడుగున కాసిన్ని నీళ్ళు. ఆకాశంలో మబ్బు తునక లేని రోజు కూడా రెండు చెంచాలు. మొదటి వారం సీసా సరిగ్గా ఆరలేదేమో అనుకున్నాను. రెండో వారం ఎండలో పెట్టి, గుడ్డతో తుడిచి మరీ ఇచ్చాను. మళ్ళీ రెండు చెంచాలు.

ఓలమ్మో, ఆ వారం నాకు నిద్ర పడితే ఒట్టు. ఆ ఆనందం ఎలాంటిదో చెప్పలేను. మంచు! ఏటి ఒంపులో పొద్దున్నే కమ్ముకునే మంచు గరాటు మీద పట్టి సీసాలోకి జారుతోంది. అంటే ఆ ఊరి నేలకి ఎవరికీ తెలియని నీరు రోజూ అందుతోంది. వరి కోసేశాక ఆ తడి మీదే చల్లే పెసలూ మినుములూ అక్కడ అంత బాగా పండడానికి ఇదే కారణం కావచ్చు. ఇన్ని వందల ఏళ్ళు ఆ ఒడ్డున మనుషులు బతికారు, ఒక్కళ్ళకీ ఈ సంగతి తెలీదు, నాకు తెలుసు! బస్సులో ఒక్కదాన్నే నవ్వుకుంటూ వచ్చేదాన్ని.

ఇంకా గమ్మత్తు ఏమిటంటే, పసుప్పచ్చ దారం సీసాలో ఎప్పుడూ ఎక్కువ. శుక్రవారం వస్తే చాలు రెండు చెంచాలు కాస్తా మూడు, ఒక్కోసారి నాలుగు. మంచుకి వారాలేమిటి? తల బద్దలు కొట్టుకున్నాను. రైసు మిల్లుకి వెళ్ళి మీకు శుక్రవారం సెలవా అని అడిగితే, కరెంటు పోయిన రోజే మాకు సెలవండీ అన్నాడు గుమస్తా. చివరికి ఇటుక బట్టీ దొరికింది. శుక్రవారం సంత. సంత రోజు బట్టీలో పనికి ఎవరూ రారు. పొగ లేదు, గాలి తేరుకుంటుంది, నేల బాగా చల్లబడుతుంది, మంచు ఎక్కువ పడుతుంది. అతికినట్టు సరిపోయింది. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని వాదించడం వేరు, నేను ఆ నాలుగో కాలు ఎందుకు లేదో కూడా రాసి పెట్టాను.

అత్తనీ అడిగాను. "అత్తా, శుక్రారం పూట ఎక్కువుంటాదేటి?"

"శుక్రారం కదా కోడలా, ఉండాల మరి" అంది అత్త.

స్థానికుల అనుభవం కూడా దీన్ని బలపరుస్తోంది అని పుస్తకంలో రాసుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఎండాకాలంలో వానలుండవని సీసాలు పెట్టలేదు. ఏడాది తిరిగేసరికి అది నా పరిశోధనలో మూడో అధ్యాయమైంది. అన్నింటికంటే బరువైన అధ్యాయం. అది లేకపోతే మిగిలేది ఊరూరి వానల పట్టిక, దాన్నెవడు చదువుతాడు? మళ్ళీ చలికాలం వచ్చింది. అప్పటికి నాకు ఐదో నెల. సీసాల సంచీ మా ఆయన బస్సు దాకా మోసేవాడు, అవతల మావ దింపుకునేవాడు.

ఆ రోజుల్లోనే ఒక శనివారం అరుగు మీద కూర్చుని మావకి గొప్పగా చెప్పాను. "మావా, మీ ఊళ్ళో మంచు మామూలు మంచు కాదు. నేలకి నీళ్ళిస్తోంది. నా లెక్కల్లో తేలింది."

మావ తువ్వాలు సర్దుకుని దగ్గరికి జరిగాడు. "గరువుకి కూడానా?" అన్నాడు. గరువంటే వాళ్ళకి ఊరి పైన ఉన్న మెట్ట చేను. అక్కడ నుయ్యి లేదు. వానల పంట అయ్యాక దాంట్లో ఉలవలు తప్ప ఏవీ వేసేవారు కాదు, ఉలవలు దేనికైనా ఓర్చుకుంటాయి కాబట్టి.

"గరువుకి కూడా" అన్నాను. ఎంత ధీమాగా అన్నానో! ఎలా తేలిందో చెప్పలేదు. ఆయనా అడగలేదు. చదువుకున్న కోడలు పిల్ల చెప్పింది, అంతే. అత్త ఆ టైములో వంటింట్లో నాకోసం జీడిపప్పు వేయిస్తోంది.

మా గైడు గారు, అంటే నా పని చూసే ప్రొఫెసరు, అధ్యాయం చదివి మెచ్చుకున్నారు. మెచ్చుకుని, ఒక్క ప్రశ్న వేశారు. "నువ్వు చూశావా అమ్మా?"

"చూశాను సార్, వారం వారం సీసాలో."

"సీసాలో కాదు. గరాటు మీద."

నాకు చిర్రెత్తుకొచ్చింది. రెండు చలికాలాల లెక్క ముందు పెడితే ఈ ముసలాయనకి గరాటు కావాలా అనుకున్నాను. సరే, చూసే వస్తాను, అదీ శుక్రవారమే చూస్తాను, ఫోటో తీసి మరీ పెడతాను అని, మొండితనంతోనే అనుకోండి, ఒక శుక్రవారం చీకటితో అరసవల్లిలో ఆటో ఎక్కి, మొదటి బస్సు పట్టుకుని, ఏడింటికల్లా అత్త ఇంటికి చేరాను. చెప్పకుండా వెళ్ళాను.

మంచు ఉంది. ఏరు కనపడలేదు. నా గుండె ఒకటే ఎగిరింది. తిన్నగా పెరట్లోకి నడిచి గరాటు మీద వేలు పెట్టాను. చల్లగా ఉంది, చెమర్చి ఉంది. వేలికి తడి అంటింది. ఫోటో తీసుకున్నాను. సీసా తీసి చూశాను. పొడి. గరాటు లోపలికి ఒక్క చుక్క కూడా జారలేదు. ఇంకా టైముందిలే, ఎనిమిదిన్నర దాకా జారుతుందిలే అనుకుని సీసా మళ్ళీ అక్కడే పెట్టి, వచ్చి అరుగు మీద కూర్చున్నాను.

వీధిలో మావ సైకిలు వెనక ఒక సంచీ కడుతున్నాడు. కొబ్బరి పీచు తాడుతో గట్టిగా బిగిస్తున్నాడు. నన్ను చూసి మొహం ఇంత చేసుకుని, "మంచి రోజుకే వచ్చినావు. రాహుకాలం రాకముందే గరువులో పెసలు సల్లేయాల" అన్నాడు.

"ఉలవలు కాదా మావా?"

"నువ్వు సెప్పినాక ఉలవలేటి? ఇంట్లో పెసర ఇత్తనమంతా ఇదే. మీ అత్త వేపాకేసి బూడిద కలిపి కుండలో దాసింది."

ఎనిమిదిన్నరకి బస్సు హారన్ కొట్టింది. అత్త చీర చెంగుతో చెయ్యి తుడుచుకుంటూ పెరట్లోకి వెళ్ళింది. పసుప్పచ్చ దారం సీసా తెచ్చింది. నా ముందు నుంచే వంటింట్లోకి వెళ్ళింది. నేను వెనకే లేచి గుమ్మంలో నిలబడ్డాను. మంచినీళ్ళ బిందె మీద మూత తీసి, చెంచాతో ఒకటి, రెండు, మూడు, ఆగి నా వైపు చూసి నవ్వి, నాలుగు చెంచాల నీళ్ళు సీసాలో పోసింది. మూత బిగించి, కళ్ళకద్దుకుంది.

"అత్తా, అదేటి?"

"ఏటేటి?"

"నీళ్ళు పోసినావు."

"మరి పొయ్యరా?" అంది అత్త, నేనేదో పిచ్చి ప్రశ్న అడిగినట్టు. "వాన పడితే అదే నిండుతాది. పడని రోజు ఒట్టి సీసా నీ సేతికెలగిస్తానే? ఆడపిల్లవి, కొత్త కోడలివి. ఇప్పుడు కడుపుతో ఉన్నావు. ఒట్టి గిన్నె ఎవులైనా తిరిగిస్తారా? శుక్రారం పూట ఇంకో సెంచా ఎక్కువే ఏస్తాను, లచ్చిందేవి కదా."

పచ్చి వెలక్కాయ గొంతులో పడ్డట్టయింది నాకు. మంచు లేదు. ఇటుక బట్టీ లేదు. మూడో అధ్యాయం లేదు. రెండు చలికాలాల పాటు నేను కొలిచింది అత్త బిందెలో నీళ్ళు.

నాకు తెలీని ఆచారమా ఇది? మా అమ్మ జన్మలో ఒక్క గిన్నె ఖాళీగా తిరిగివ్వలేదు. ఆ వారమే మా పక్కింటావిడ కూర పెట్టిచ్చిన స్టీలు డబ్బా నాలుగు రోజులుగా మా వంటింట్లో ఉంది, అందులో పోసివ్వడానికి పంచదార నిండుకుందని నేనే ఇవ్వలేదు. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే కదా. సున్నా రావాల్సిన చోట సున్నా ఎందుకు రావడం లేదని ఆకాశాన్ని అడిగాను, మిల్లుని అడిగాను, బట్టీని అడిగాను. నన్ను నేను అడగలేదు.

వీధిలో సైకిలు స్టాండు తీసిన చప్పుడైంది.

నిజం చెబుతాను. వెంటనే నోరు తెరవలేదు. ఒక్క నిమిషం, పోనీ నిమిషం కంటే తక్కువే, నాకు అధ్యాయమే గుర్తొచ్చింది. ఇక్కడ జరిగింది నాకూ అత్తకీ తప్ప ఎవరికీ తెలీదు. అత్తకి తెలిసినా అదేంటో తెలీదు. గరాటు చెమర్చిన ఫోటో నా ఫోన్లో ఉంది. మంచు కొంతైనా ఉంది కదా, గైడు గారికి అది చూపిస్తే చాలు కదా అని ఒక మాట లోపల్నుంచి వచ్చింది. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

అప్పుడు సైకిలు బెల్లు మోగింది. మావ వెళ్ళొస్తానని కొట్టాడు. ఆ సంచీలో ఉన్నది ఆ ఇంటి పెసర విత్తనమంతా. నా మాట మీద, నా నాలుగు చెంచాల మీద, నుయ్యి లేని నేలలో పొయ్యబోతున్నాడు.

"మావా, ఆగు!" అని అరిచాను. అంత అరుపు నాలో ఉందని నాకే తెలీదు. అత్త చేతిలో చెంచా కింద పడింది.

వీధిలోకి పరిగెత్తి సైకిలు హ్యాండిలు పట్టుకుని మొత్తం చెప్పాను. గరాటు, సీసా, చెంచాలు, నా లెక్క. మొట్టమొదటిసారి ఎలా తేలిందో చెప్పాను. మావ వింటూ సంచీ వైపోసారి, గుమ్మంలో నిలబడ్డ అత్త వైపోసారి చూశాడు.

"అయితే మంచు నీళ్ళివ్వదా?"

"ఎంతిస్తుందో నాకు తెలీదు మావా. గరాటు దాటి దిగేంత కూడా లేదు. పెసలు బతికేంత ఉందని మాత్రం నేను చెప్పలేను."

మావకి కోపమొచ్చింది. రావాలి కదా. "ఈ సీసాల మీద సూసి సెప్పినానని ఆ రోజే అనుంటే బాగుండును కదేటమ్మా" అన్నాడు. ఎప్పుడూ కోడలా అనే మనిషి అమ్మా అన్నాడు.

అత్త గుమ్మంలోనే కూలబడిపోయింది. "నన్నడిగితే సెప్పకపోదునా?" అంది. "వానంటే బిందెల్తో పడతాది, నా రెండు సెంచాలకి ఏటైపోతాది అనుకున్నాను. నీకు మంచి జరగాలనే కదే ఏసినాను." ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను. మావ సైకిలు గోడకి ఆనించి, సంచీ తాడు విప్పడం మొదలుపెట్టాడు. బిగించిన ముడి రాక పళ్ళతో లాగాడు. "పోన్లెండి, ఇత్తనం ఇంట్లోనే ఉన్నాది కదా" అన్నాడు కాసేపటికి. ఆ ఉదయం గరువులో ఉలవలే చల్లాడు.

బస్సులో ఇంటికొస్తూ అదే ఆలోచన. అత్త అన్న మాటే నన్ను తినేసింది. అడిగితే చెప్పేది. రోజూ చెప్పడానికి సిద్ధంగానే ఉంది. నేను ఆవిడకి సీసాలిచ్చాను, దారాలిచ్చాను, గొప్పలు చెప్పాను. దేనికోసమో, ఎలా లెక్క కడతానో మాత్రం చెప్పలేదు, ఆవిడకి అర్థం కాదని. ఎలా తెలిసిందో విప్పి చెప్పుంటే నా అధ్యాయం ఆ వంటింట్లోనే, మొదటి వారమే, నవ్వులతో తేలిపోయేది. చదువులేనిదని నేననుకున్న మనిషి తప్ప ఆ తప్పు దిద్దగలిగినవాళ్ళు ప్రపంచంలో ఇంకెవరూ లేరు.

గైడు గారికి చెప్పాను. "మరి శుక్రవారం?" అన్నారు. చెప్పాను. ఆయన నవ్వాపుకోలేక కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తరవాత, "అధ్యాయం తీసెయ్. చెంచాల సంగతి మాత్రం రాయి, నీ తప్పుతో సహా. ఇంకో ఊళ్ళో ఇంకొకరు సీసాలు పంచుతారు" అన్నారు. ఆయన మొహంలో కూడా దిగులు కనపడింది. నా వానల పట్టిక మళ్ళీ వట్టి పట్టికే అయింది. ఆ ఇంటి చిన్న చిన్న వానలన్నీ కొట్టేశాను, వాటిలో ఏది ఆకాశానిదో ఏది బిందెదో చెప్పలేను కాబట్టి. నా పరిశోధన ఏడాదిన్నర ఆలస్యమైంది.

నాన్నకి ఫోన్లో చెబితే ఈసారి ఏటి ఉపయోగమని అడగలేదు. నాన్న పొద్దున్నే కొట్టు తెరిచి, దేవుడికి అగరొత్తి వెలిగించి, మొట్టమొదట ఖాళీ తక్కెడ ఎత్తి చూసేవాడు. ఏమీ వెయ్యని పళ్ళేలు రెండూ సమంగా నిలవకపోతే ఆ రోజంతా తూచిందంతా అబద్ధమే అనేవాడు. చిన్నప్పట్నుంచీ చూస్తూ పెరిగాను. ఆ ఫోను పెట్టేశాకే నాకు గుర్తొచ్చింది.

ఆ శుక్రవారం మర్నాడు నేను సీసాలకి వెళ్ళలేదు. మొహం చెల్లలేదు. ఆ పై శనివారం వెళ్ళాను, ఇంక సీసాలు వద్దంటారేమో, గరాటు తీసి అవతల పారేశారేమో అనుకుంటూ. పెరట్లో గరాటు అలాగే ఉంది. అరుగు మీద సీసాలు వరసగా నిలబడి ఉన్నాయి. తెల్ల దారం, ఎర్ర దారం, పసుప్పచ్చ దారం. నేను రాలేదని పాతవే కడిగి ఆరబెట్టి పెట్టింది. ఏడూ పొడిగా ఉన్నాయి.

అత్త ఒక్కొక్కటే తీసి నా చేతికిచ్చింది. ఇస్తున్నప్పుడు ఆవిడ నా మొహం కేసి చూడలేదు, నా కడుపు కేసి చూసింది. ఆవిడ నమ్మకానికి ఎంత అడ్డంగా వెళ్ళి ఆ పని చేస్తోందో నాకు తెలుసు. పసుప్పచ్చ దారం సీసా దగ్గర ఆగిపోయింది. పెదాలు ఏదో మొక్కుకున్నాయి. ఆ తరవాత అదీ ఇచ్చేసింది, వట్టిదే.

ఇచ్చి, లోపలికెళ్ళి చేట నిండా పెసలు తెచ్చింది. కుండలో దాచిన ఆ విత్తనం పెసలే, బూడిద చెరిగి, కడిగి ఆరబెట్టినవి. "కొంగు పట్టు" అంది. పట్టాను. ఒడి నిండా పోసింది. "సీసాలు నీ సదువుకి. ఇవి నీకు" అంది.

నేను ఆ పెసలు ఒడిలో ఉండగానే అరుగు మీద కూర్చుని, పుస్తకం తీసి, ఆవిడకి కనపడేలా పట్టుకుని ఏడు సున్నాలు రాశాను. అత్త పక్కన కూర్చుని వంగి చూసింది. ఒక్కో గుండ్రానికీ ఒక్కో సీసా చూపించాను. ఆవిడ వేలితో మొదటి నుంచి చివరిదాకా తాకుతూ లెక్కపెట్టింది.

"ఏడూ నావేనా?" అంది.

"ఏడూ నీవే అత్తా" అన్నాను.